నడివయస్సున పలక

నాకు 37 ఏండ్లు నిండిన నెలలో నేను మరల విద్యార్థినైతిని. ఈ సంగతి చెప్పినప్పుడు మా యమ్మ వాకిట బియ్యము చెరుగుచుండెను. చేట క్రింద పెట్టలేదు, తల యెత్తలేదు. "ఇప్పుడు నీకు పలక ఎవరు కొనిపెడతారురా?" అనెను. పరిహాసమునకే యన్నది కాని, ఆ మాట చాలకాలము నాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యుండెను. బంధువులలో పెద్దలైనవారు "మొక్కై వంగనిది మానై వంగునా?" యని యడిగిరి. ఈ సామెత చెప్పినవారిలో తోట పెంచినవా డొక్కడును లేడు. ముదిరి కాపు తగ్గిన నాటుమామిడిని మొదలంట కొట్టివేయక, కొమ్మలు నఱికి, మోడునుండి వచ్చిన చిగుళ్ళకు మేలుజాతి యంటు కట్టుటను తోటలవారెల్లరు నెఱుగుదురు. అయినను ఆనాడు నాకీ సమాధానము తోచలేదు. నోరు మూసికొని లోపలికి పోతిని.

నేను చదువురానివాడనే యైయుండిన ఇంత చర్చ జరిగెడిది కాదు. మాది పశ్చిమగోదావరిలో కాలువగట్టు పల్లె. మా తాతగారు కొవ్వూరులోని ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠమున చదివిన పండితులు. ఆయన వీథియరుగుపై కూర్చుండబెట్టి, నాకు పదియేండ్లు నిండకమునుపే శబ్దములును, ధాతువులును, అమరకోశము మొదటి కాండమును వల్లె వేయించిరి. కళాశాలలో సంస్కృతమును ఆంగ్లసాహిత్యమును కలిపి చదివి 2001లో పట్టము పుచ్చుకొంటిని. మఱుసటి యేడు మా నాయనగారు పోయిరి. ఆయన చేసిన యప్పులు మాత్రము మాయొద్దనే యుండిపోయెను. సంస్కృతము వచ్చినవానికి పౌరోహిత్యము కలదు గదా యని కొందఱు సలహా చెప్పిరి. అర్థము తెలియనివారికి అర్థము చెప్పక, మంత్రము మాత్రము చెప్పి దక్షిణ పుచ్చుకొనుట నా మనస్సునకు సరిపడలేదు. ఈ వాక్యము చదివి నొచ్చుకొను మిత్రులు నాకు కొందఱున్నారు. వారు నన్ను క్షమింతురుగాక. 2003లో మా యూరికి అయిదు కిలోమీటర్ల దూరమున నున్న యొక బియ్యపుమిల్లులో గుమాస్తాగా చేరితిని. ఒక యేడాది అనుకొన్నది పదునాలుగేండ్లాయెను. ఆ నడుమ 2009లో, దూరవిద్యా పద్ధతిని, ఇంగ్లీషున ఎం.ఏ. కూడ పూర్తిచేసితిని. అది యెందులకో నాకే తెలియదు. కొందఱు చీట్లాడుదురు, నేను పరీక్షలు వ్రాసితిని.

మిల్లు గుమాస్తా పని యేమో తెలియనివారికి కొంచెము చెప్పవలెను. ట్రాక్టరో లారీయో వచ్చినప్పుడు కాటా చీటీ వ్రాయుట, ధాన్యపు తేమ చూచుట, వచ్చినదానిని చిట్టా కెక్కించుట, చిట్టానుండి ఆవర్జాకు దింపుట, హమాలీలకు బస్తాల లెక్కన కూలి కట్టుట. ప్రభుత్వము కొను ధాన్యమున తేమ 17 శాతమునకు మించరాదు. గుప్పెడు గింజలు తేమయంత్రమున వేసి నేను "పంతొమ్మిది" అని చెప్పినప్పుడు ఎదుట నిలిచిన రైతు ముఖము వాడిపోవుట ప్రతి సార్వా కోతలలోను చూచుచుంటిని. వాన కురిసిన నేరము ఆయనది కాదు; అంకె చెప్పిన నేరము నాది కాదు. ఐనను ఆయన తిట్టవలసివచ్చిన మనుష్యుడను నేనొక్కడనే అచట నుంటిని. అంకెలు చెప్పి మనుష్యులను త్రిప్పిపంపు ఉద్యోగమిది యని నాకు లోలోపల నుండెడిది.

రాత్రులు లారీలకొఱకు వేచియుండవలసి వచ్చెడిది. హమాలీల పిల్లలు కొందఱు కాటాగది దీపము క్రింద కూర్చుండి చదువుకొనెడివారు. నేను వారికి ఇంగ్లీషు చెప్పుచుంటిని. అది దయాగుణము కాదు, నాకు ప్రొద్దుపోకపోవుట. వారిలో ఆఱవ తరగతి చదువు పిల్ల యొకతె యొకనాటి రాత్రి వచ్చి పుస్తకము తెఱవక నిలుచుండెను. ఏమని యడిగితిని. "ఈ ఇంగ్లీషు నీకెవరు చెప్పారే అని టీచరుగారు అడిగారండి. మా గుమాస్తాగారండి అన్నాను. అందరూ నవ్వేరండి" అనెను. కొంచెము సేపటికి, "మీరు మేస్టారెందుకు అవలేదండి?" అనెను. ఆ పిల్లకు కోపము వచ్చినది తోడిపిల్లలమీద కాదు, నామీద. నేనప్పుడు ఏమి చెప్పితినో జ్ఞాపకము లేదు. ఏదో చెప్పి లారీ చూడ బోతిని.

మనదేశమున ఉపాధ్యాయుడగుటకు తనకు చదువు వచ్చియుండుట చాలదు, అది న్యాయమే. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ యేడు ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి యొక ప్రకటన చేసి, ఎనిమిదవ తరగతి వఱకు బోధించువారికి శిక్షణమేకాక అర్హతపరీక్ష కూడ వలయునని విధించెను. దానినే మనవారు టెట్ అందురు. శిక్షణమనగా హైస్కూలు పంతులునకు బి.ఎడ్. అంతకుమునుపు ఒక్కయేడాదిగా నుండిన యీ చదువు 2015 నుండి రెండేండ్లాయెను. అనగా నేను కొంచెము ముందుగా మేల్కొనియుండిన ఒకయేడు నాకు మిగిలెడిది. బి.ఎడ్. ప్రవేశపరీక్ష ప్రకటన తెప్పించి చూచితిని. వయస్సు 19 ఏండ్లు నిండియుండవలెనని యున్నది. గరిష్ఠ వయస్సు లేదు. ఎక్కడనో యుండకపోదని ఆ కాగితమును మూడుమార్లు చదివితిని.

పరీక్షలో సీటు వచ్చిన దినమున నా భార్య నన్ను ఒకే ప్రశ్న యడిగెను. "నెలకెంత తగ్గుతుందండీ?" షావుకారుగారు మంచివారు, "పగలు నీ చదువు, రాత్రి నా చిట్టా" యని సగము జీతమునకు ఒప్పుకొనియుండిరి. ఆఱువేలు తగ్గునని చెప్పితిని. ఆమె కుట్టుమిషనుపై చేయి యుంచి లెక్క చూచుకొనెను. జాకెట్టునకు 80 రూపాయలు. డెబ్బదియైదు జాకెట్లు. దినమునకు రెండున్నర. "సరే" యనెను. అంతకుమించి రెండేండ్లలో ఆమె ఆ విషయమై మాటలాడలేదు. ఆమె ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరమున చదువు మానినది. ఇద్దఱిని చదివించుటకు చాలనప్పుడు తండ్రిగారు కుమారుని చదివించిరి. అది నాకు పెండ్లినాడే తెలియును. తెలిసికొని నేను చేసినదేమియు లేదు. స్త్రీవిద్యను గూర్చి ఇతరుల యిండ్లలో నేను చాల చక్కగా మాటలాడెడివాడను.

కళాశాల మా యూరికి 17 కిలోమీటర్లు. మొదటినాడు గుమ్మమున నిలిచిన బంట్రోతు నాకు నమస్కరించి, "అమ్మాయిని చేర్పించడానికి వచ్చారాండీ?" యని యడిగెను. నేనే చేరవచ్చితినని చెప్పితిని. అతడు నన్ను పైనుండి క్రిందికి చూచి, "అయితే ఆఫీసుగదిలో మాట్లాడుకోండి" యనెను. ఆ మాట అర్థము ఆఫీసుగదిలో తెలిసెను. ఉద్యోగములు చేసికొనువారికి సదుపాయము కలదట. అదనముగ కొంత రొక్కము కట్టినచో తరగతికి రాకున్నను హాజరు పడునట. పరీక్షలకు మాత్రము వచ్చిన చాలునట. నేను వద్దంటిని. ఇది చదివి నన్ను మెచ్చుకొనవద్దు. ధర్మబుద్ధిచే వద్దనలేదు, ఆ రొక్కము నాయొద్ద లేదు. నూఱు పేర్ల పట్టికలో తరగతికి వచ్చువారము పదునేడుగురము. తక్కిన ఎనుబదిముగ్గురును తరగతిగది ముఖము చూడకయే, పిల్లలను తరగతిలో ఎట్లు కూర్చుండబెట్టవలెనో నేర్చినట్లు పట్టములు పుచ్చుకొనిరి. వారిలో కొందఱు ఇప్పుడు పాఠములు చెప్పుచుందురు. ఆ కళాశాలను నిందించుటకంటె, మన పిల్లలకు చదువు చెప్పువాడు చదివెనా లేదాయని యెన్నడు నడుగని మన సంఘమును నిందించుట సులభమని నాకు తోచును. కాని ఆ సులభపు పనిని కూడ నేను పూర్తిగా చేయజాలను. కారణము ముందు చెప్పెదను.

చదువు కష్టమైనదా యని నన్ను చాలమంది యడిగిరి. చదువు కష్టము కాదు, నిలుపుకొనుట కష్టము. పదియేండ్లప్పుడు అరుగుమీద వల్లించిన అమరము నేటికిని నిద్రలో లేపి యడిగిన వచ్చును. పియాజే చెప్పిన నాలుగు దశలు సోమవారము చదివినవి శుక్రవారమునకు మూడయ్యెడివి. బ్లూము, వైగాట్‌స్కీ, సూక్ష్మబోధన, మూల్యాంకనము, ఈ మాటలన్నియు బస్సులో పోవునప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టుకొనుచుంటిని. ప్రక్కనున్నవారు జపమనుకొనిరి. ఐతే పడుచువానికి లేని సౌకర్యమొకటి నాకు కలదు. పిల్లవాడు వస్తువు కంటికి కనబడనప్పుడును అది యున్నదని తెలిసికొను వయస్సు గూర్చి చదివినప్పుడు, నాకు పుస్తకము అక్కఱలేదు. మా యమ్మాయి పదినెలలప్పుడు దుప్పటిక్రింద దాచిన గిలక్కాయను వెదకికొనుట కనులయెదుట నిలిచెను. తక్కినవారు దానిని బట్టీ పట్టవలసి వచ్చెను.

విద్యలో నాలుగవపాలు గురువువలన, నాలుగవపాలు తన బుద్ధివలన, నాలుగవపాలు తోడి విద్యార్థులవలన, మిగిలినది కాలమువలన వచ్చునని మన పెద్దలమాట. తోడివారి పాలు నాకు ఒక పడుచుపిల్లవలన వచ్చినది. ఆమె తండ్రి కొబ్బరికాయలు ఒలుచు కూలి. ఆమె నన్ను "బాబాయిగారూ" అనెడిది. నేనామెకు ఇంగ్లీషు వ్యాకరణము చెప్పితిని. ఆమె నాకు పాఠ్యపథకము వ్రాయు విధమును, ఫోనులో పుస్తకములు వెదకు విధమును చెప్పినది. ఎవరు ఎవరికి ఎక్కువ చెప్పిరో లెక్కకట్టిన నేనే బాకీపడుదును. ఒకనాడు పరీక్షలముందు ఆమె మా యింటికి వచ్చెను. మా యమ్మ అందఱికి కాఫీ తెచ్చెను. మాకు గ్లాసులలో, ఆమెకు కాగితపు కప్పులో. నేను చూచితిని. చూచి, పుస్తకమున తల పెట్టుకొంటిని. నా భార్య మిషను వద్దనుండి లేచివచ్చి, తన గ్లాసు ఆ పిల్లచేతికిచ్చి, కాగితపు కప్పు తాను తీసికొని పోయి మరల కుట్టుకొన మొదలిడెను. ఎవరును ఏమియు ననలేదు. ఆ దినము చదివిన ప్రకరణము పేరు "సమ్మిళిత విద్య".

ఇక నేను ముందు చెప్పెదనన్న కారణము. బి.ఎడ్. విద్యార్థి తాను చెప్పు ప్రతిపాఠమునకును పథకము వ్రాసి, వానినన్నిటిని రికార్డులుగా కట్టి సమర్పింపవలెను. కళాశాల యెదుటి దుకాణమున అవి వ్రాసి యమ్ముదురు. మొదటి సంవత్సరపు చివర సార్వా లెక్కలు, దాళ్వా లెక్కలు కలిసి మిల్లులో పని పెరిగెను. రాత్రి రెండు గంటలకు పండుకొని అయిదింటికి లేచుచుంటిని. నేను 2,500 రూపాయలిచ్చి ఒక జత రికార్డులు కొంటిని. ముప్పదియొక్క జాకెట్లకు పైమాట. ఆ కొబ్బరికూలి కూతురు తనవి తానే వ్రాసికొనెను. ఆమె చేతి మధ్యవ్రేలిపై కాయ కట్టియుండెను. అధ్యాపకుడు, నాకంటె తొమ్మిదేండ్లు చిన్నవాడు, నా పుస్తకము తెఱచి చూచుచు ఒకచోట ఆగెను. "పాఠశాల పేరు" అను గడిలో ఏదో యూరి బాలికోన్నత పాఠశాల యని యుండెను. నేనా యూరిని ఎన్నడు చూడలేదు. ఆయన నావంక చూచెను. తన కలముతో ఆ యూరి పేరు కొట్టివైచి, మా పాఠశాల పేరు వ్రాసి, క్రింద సంతకము చేసి, పుస్తకము మూసి నాకిచ్చెను. మందలించియుండిన నేను దెబ్బలాడియుందును. పేదఱికము, నిద్రలేమి, ఎనుబదిముగ్గురు, అన్నియు ఏకరువు పెట్టియుందును. ఆయన నాకా యవకాశము నీయలేదు.

రెండవయేట ప్రతిపథకమును కాటాగదిలో కూర్చుండి నా చేతితోనే వ్రాసితిని. అందుచే మొదటిది చెల్లినదని నేననుకొనుట లేదు.

రెండవయేట విద్యార్థులను వారములతరబడి నిజమైన బడికి పంపుదురు. నన్నొక జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో ఎనిమిదవ తరగతికి వేసిరి. ఇన్నాళ్ళు దీనికొఱకే వేచితిని గదాయని తాతగారిని తలచుకొని తరగతిలో ప్రవేశించితిని. పాఠమున "స్కూలు" అను మాట వచ్చెను. ఆ మాటకు గ్రీకుభాషలో "తీరిక" యని మూలార్థమని చెప్పి, పిల్లలు ఆశ్చర్యపడుదురని వేచితిని. ముందు వరుసలో ఒకడు ఆవులించెను. ధాతువులు, ప్రత్యయములు, లాటిను సోదరపదములు, సంస్కృత సామ్యములు, నలువది నిమిషములు ధారాళముగా చెప్పితిని. గంట మ్రోగినప్పుడు నాకు చెమట పట్టియుండెను. నాకు చాల తృప్తిగా నుండెను. వెనుక బల్లపై కూర్చున్న అదే అధ్యాపకుడు తన కాగితమున రెండు వాక్యములు వ్రాసెను. "ఉపాధ్యాయుడు 40 నిమిషములు మాటలాడెను. పిల్లలు మాటలాడలేదు." ఆ సాయంకాలము బస్సులో ఆయనను మనస్సులో సంస్కృతమున తిట్టుకొంటిని. మఱునాడు తరగతిలో నిలిచి, నోరు తెఱవబోవు ముందు, ఇపుడేమి చేయవలెనో నాకు నిజముగా తెలియదని తెలిసికొంటిని. ముప్పదియెనిమిదేండ్లలో నాకు చదువు విషయమున తెలియనిదున్నదని తెలియుట అదియే మొదలు.

ఆ తరగతిలో ఒక పిల్లవాడు చదువుమన్నప్పుడెల్ల తటపటాయింపక చదివెడివాడు. వానిని జూచి సంతోషించుచుంటిని. ఒకనాడు పాఠములోని మాటనే నల్లబల్లపై వ్రాసి చదువుమంటిని. వాడు మౌనముగా నిలిచెను. పుస్తకము తెప్పించి చూచితిని. ప్రతి ఇంగ్లీషు పంక్తిపైనను పెన్సిలుతో, చీమలబారువలె, తెలుగక్షరములు. వాడు చదువుచున్నది వానిని. తక్కిన పుస్తకములు చూచితిని. సగమునకు పైగా అట్లే యున్నవి. "అందరూ అంతేనండి, రబ్బరుతో చెరిపించెయ్యండి" యని ఆ బడిలో అనుభవశాలియైన పంతులుగారొకరు చెప్పిరి. నేనును అదే చేయదలచితిని. అది మోసము; భాషకు పట్టిన తుప్పు.

ఆ రాత్రి కాటాగదిలో తాతగారి రఘువంశము జ్ఞాపకము వచ్చెను. అది వావిళ్ళవారు తెలుగులిపిలో అచ్చువేసిన పుస్తకము. నేను దేవనాగరి నేర్చినది హైస్కూలులో, పండ్రెండేండ్లు దాటిన పిదప. అంతవఱకు నేను చదివినదంతయు తెలుగక్షరములలోని సంస్కృతమే. అది మోసమని నాకెవ్వరును చెప్పలేదు. మా అరుగుమీద దానినే పాండిత్యమనిరి. ఒక పండితుని మనుమనికి తెలుగులిపి మెట్టుగా పనికివచ్చి, కూలివాని కుమారునికి మాత్రము తుప్పు ఎట్లగును? ఐతే భేదమొకటి కలదు. మన లిపిలో సంస్కృతపు ధ్వని సరిగా ఇమిడియుండును, ఇంగ్లీషు ఇమడదు. కాబట్టి ఆ మెట్టుమీద నిలిచిపోరాదు, దిగవలెను. ఎట్లు దించవలెను?

మఱునాడు వానితో, "చెరపవద్దు. రోజుకొక్క మాట నువ్వే ఎంచుకొని చెరుపు. అది పుస్తకంలో ఎక్కడున్నా చెరపాలి" యని చెప్పితిని. వాడు చాలసేపు ఆలోచించి "ది" అను మాటను ఎంచుకొనెను. ఆ పాఠమున అది 23 చోట్ల నుండెను. 23 చోట్లను లెక్కపెట్టి చెరిపి, క్రింద నున్న మూడక్షరములను వ్రేలితో తడవి చూచెను. రెండవనాడు "ఆండ్". మూడవనాడు "ఈజ్". వారము గడుచుసరికి తక్కినవారును రబ్బరులు తీసిరి. ఎవడు ఏ మాట చెరిపెనో చెప్పుకొనుట పందెమాయెను. తరగతిలో చాల సందడి. అధ్యాపకుడు మరల వచ్చినప్పుడు కాగితమున ఏమి వ్రాసెనో నాకు చూపలేదు, నేనును అడుగలేదు. నా గడువు ముగియునాటికి ఆ పిల్లవానికి ఒక పుట తెల్లబడెను. మొదటి పుట. దాని ప్రక్క పుట చీమలబారులతో నిండియే యున్నది. "ఇంకో పేజీ ఉందండి" యని నాకు చూపెను. నేను మఱునాటినుండి రానని వానికి తెలియును.

ఆ దినములలో నాకు గిడుగు రామమూర్తిపంతులుగారు తఱచు జ్ఞప్తికి వచ్చెడివారు. ఆయన 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, బడిలో పాఠములు చెప్పుచునే ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలకు ఇంట చదివి యుత్తీర్ణులైరి. సవరలకు చదువు చెప్పదలచి, సవరభాష తెలిసినవానిని ఇంట నుంచుకొని ముందుగా తాను నేర్చిరి; 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ఆంగ్లమున వెలువరించిరి. ఆయన నడిపిన వ్యావహారికభాషోద్యమమునకు సైతము మూలము బడియే. ఉత్తరమండలముల పాఠశాలల పరీక్షాధికారియై వచ్చిన యేట్సుదొర, పిల్లలు ఇంట మాటలాడు తెలుగునకును బడిలో చదువు తెలుగునకును ఇంత దూరమేలయని యడిగిన ప్రశ్న ఆయనను పట్టుకొనెను. నేనీ వ్యాసమును ఇట్టి భాషలో వ్రాయుచు ఆయన పేరెత్తుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. నవ్వవలసినదే. అరుగుమీద పట్టిన పలుకుబడి కలము పట్టినప్పుడు వదలుట లేదు; తరగతిలో మాత్రము వదలినది.

2019లో బి.ఎడ్. పూర్తియాయెను. మన రాష్ట్రమున ఉపాధ్యాయనియామకమునకు డి.ఎస్.సి. ప్రకటన 2018లో వెలువడి, నా పట్టము చేతికి రాకమునుపే పరీక్షలు ముగిసెను. ఒక ప్రైవేటు ఉన్నతపాఠశాలలో 9,000 రూపాయలకు చేరితిని. మిల్లులో పూర్తిజీతముకంటె అది మూడువేలు తక్కువ. మఱుసటి మార్చిలో కరోనా వచ్చి బడి మూతపడెను, జీతము ఆగెను. నేను తిరిగి మిల్లు గేటువద్దకు పోయి నిలుచుంటిని. హమాలీలలో ఒకడు "మేస్టారొచ్చారు" అని లోపలికి కేక వేసెను. షావుకారుగారు కుర్చీ చూపిరి. ఎనిమిదినెలలు మరల తేమ చూచితిని. ఆ కాలమున నావంటి పంతుళ్ళు అరటిపండ్లు అమ్ముటను, ఉపాధిహామీ పనికి పోవుటను కన్నులార చూచితిని. వారితో పోల్చిన నాకు నీడ యుండెను.

2022 ఆగస్టులో టెట్ వ్రాసితిని. 150కి 90 వచ్చిన గట్టెక్కుదురు. నాకు 104 వచ్చెను. డి.ఎస్.సి. మాత్రము రాలేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 ఉద్యోగములకు ప్రకటన వెలువడి, ప్రభుత్వము మాఱిన పిమ్మట రద్దయ్యెను. చివరకు 2025 ఏప్రిల్‌లో 16,347 ఉద్యోగములకు ప్రకటించిరి. వయఃపరిమితిని 42 నుండి 44కు పెంచిరి. 2024 జూలై 1 నాటికి లెక్క. ఆ దినమునకు నాకు 44 నిండుటకు ఏడువారములు మిగిలియుండెను. నా తోడివారిలో నాకంటె రెండునెలలు పెద్దవాడైన మిత్రుడొకడు ఏడేండ్లు చదివి ఆ పరీక్ష వ్రాయనే లేదు. నేను వ్రాసితిని. పరీక్షకు 80, టెట్‌కు 20. ఒక మార్కునకు లోపుననే పోయినది. ఆ కొబ్బరికూలి కూతురికి వచ్చినది. సెప్టెంబరు 25న అమరావతిలో నియామకపత్రములు పంచిన సభనుండి ఆమె నాకు ఫోటో పంపెను. మా యమ్మ ఫోనును కంటికి దగ్గఱగా పట్టుకొని చాలసేపు చూచెను. ఏమియు ననలేదు.

నేనిప్పుడును అదే ప్రైవేటు బడిలో నున్నాను. ఈ నడుమ విచిత్రమొకటి జరిగినది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఉద్యోగమున నున్న ఉపాధ్యాయులలో అయిదేండ్లకు మించి సేవ మిగిలియున్నవారు రెండేండ్లలో టెట్ గట్టెక్కవలెననెను. చట్టమునకు మునుపే చేరి ఇరువదేండ్లుగా పాఠములు చెప్పుచున్నవారు, ఏబది దాటినవారు, మా యూరి ప్రభుత్వపాఠశాల పంతుళ్ళు ముగ్గురు, ఆదివారము సాయంకాలము మా యింటికి వచ్చి పియాజే దశలు చెప్పుమనుచున్నారు. వారిలో ఒకరు మిక్కిలి సమర్థులు. ఆయన వద్ద నేను నేర్చుకొనవలసినది చాల కలదు. ఆయన నాలుగవ దశ మఱచిపోయి నావంక చూచునప్పుడు నాకు సిగ్గగుచున్నది. ఇట్టి తీర్పు న్యాయమా యని వారు వాదించుకొందురు. కొంత న్యాయమనియు, చాల ఆలస్యమైన న్యాయమనియు నా యభిప్రాయము. వారు ఒప్పుకొనరు. కాఫీ అందఱికిని గ్లాసులలోనే వచ్చును.

డి.ఎస్.సి. ఫలితము వచ్చిన వారమున నా భార్య నా పుస్తకములు సర్దుచు, ఇంటర్మీడియెటు మనోవిజ్ఞానమునకు ఇవి పనికివచ్చునా యని యడిగెను. ఎవరికని యడిగితిని. ఆమె చెప్పలేదు. తరువాత తెలిసినది, ఆమె సార్వత్రిక విద్యాపీఠమున ఇంటర్మీడియెటునకు దరఖాస్తు చేసియున్నది. రుసుము తన డబ్బుతో కట్టుకొన్నది. డిగ్రీ చదువు మా యమ్మాయి ఫోనులో దరఖాస్తు పూరించినది. నాకెందుకు చెప్పలేదని కొంచెము నొచ్చుకొని యడిగితిని. "మీరు చదివేటప్పుడు నన్నడిగారా? చెప్పారు" అనెను. నేను పాఠము చెప్పెదనంటిని. వద్దనెను. "మీరు చెబితే గ్రీకు దగ్గర మొదలెడతారు. అమ్మాయి చెబుతుంది" అనెను. ఆమెకు ఇప్పుడు 41 ఏండ్లు.

మార్చిలో పరీక్షలు. మిషను ఆ నెల మూసియుంచుట నిర్ణయమైనది. పరీక్షలు ముగియు వఱకు వంట నాది. ఇప్పటినుండియే నేర్చుకొనుచున్నాను. మా యమ్మ వంటింటి గుమ్మమున పీట వేసికొని కూర్చుండి చెప్పుచున్నది. నిన్న పప్పు అడుగంటినది.